నేను దాచిన సూదులు

రెండక్షరాల మాట ఒకటి పద్నాలుగేళ్ళుగా నా గుండె మీద కూర్చుని ఉంది. దాన్ని దించే చోటు దొరకలేదు. దొరకలేదా, నేను వెతకలేదా? వెతకలేదు. ఈ కాగితం ముందు కూడా అబద్ధమాడితే ఇగ నాకు నిజం చెప్పే చోటంటూ ఉండదు.

మీరెవరో నాకు తెలియదు. అదే మంచిది. తెలిసినవాళ్ళ ముఖం చూస్తూ ఈ మాట చెప్పలేకపోయాను. నా పేరు చెప్పను. పేరు చెప్తే దాని వెనకే మా మిల్లు పేరు, అత్తవారి ఇంటిపేరు, పుట్టింటి పరువు అన్నీ వరసగా వచ్చి నిలబడతాయి. వాళ్ళ తప్పు కూడా కొంత ఉందని చాలాకాలం అనుకున్నాను. అలా అనుకున్నప్పుడల్లా కాస్త హాయిగా ఉండేది. ఆ హాయి కోసమే అనుకునేదాన్నేమో.

మొదటి నుంచి చెప్తాను.

మా పుట్టిల్లు కోదాడ. పదిహేడో ఏట మిర్యాలగూడకు కోడలిగా వచ్చాను. అప్పటికి సాగర్ కాలువ నీళ్ళు ఇంకా రాలేదు. ఊళ్ళో వడ్ల మిల్లులు వేళ్ళ మీద లెక్కపెట్టగలిగినన్నే. వాటిలో మాదొకటి. ఇంటికీ మిల్లుకీ నడుమ ఒక్క గోడ. ఎంత ఊడ్చినా తవుడు దుమ్ము ఇంట్లోనే ఉండేది, మంచం మీద, దేవుడి పటం మీద, అన్నం కంచంలో. అందుకే పెళ్ళయిన ఆరో ఏట నాకు దగ్గు మొదలైతే ఎవరూ ఆశ్చర్యపోలేదు. దుమ్ము దగ్గే అనుకున్నాం. మిరియాల కషాయం అయింది, తులసి రసం అయింది, అల్లం బెల్లం అయింది. దగ్గు పోలేదు. సాయంత్రమయ్యేసరికి ఒంట్లో సన్నగా జ్వరం. మణికట్టు దగ్గర ఉండాల్సిన గాజులు మోచేతి దాకా జారేవి. ఒకరోజు దగ్గి కొంగుతో నోరు తుడుచుకుంటే కొంగు మీద ఎర్రటి మరక.

మా ఆయన నన్ను సూర్యాపేటకు తీసుకుపోయాడు. మా ఊళ్ళో చూపిస్తే నలుగురికీ తెలుస్తుందని. అక్కడి డాక్టరు ఛాతీ ఫోటో తీయించాడు, తెమడ పరీక్ష చేయించాడు. తరువాత మా ఆయన్ని లోపలికి పిలిచి, నన్ను బయట బెంచీ మీద కూర్చోబెట్టారు. తలుపు సందులోంచి ఒక్క మాట వినిపించింది. క్షయ.

ఆ రోజుల్లో ఆ మాట వింటే ఇరుగుపొరుగువాళ్ళు పిల్లల్ని లోపలికి పిలుచుకునేవాళ్ళు. మా ఆడబిడ్డకు సంబంధాలు చూస్తున్నారు. మా అత్తగారు చెడ్డ మనిషి కాదు. కానీ ఆమెకు బిడ్డ పెళ్ళి కంటే పెద్ద విషయం ఆ ఏడు ఇంకోటి లేదు. "ఈ ముచ్చట గోడ దాటొద్దు" అంది. అంతే. నాకు గాలి మార్పు కావాలని ఊళ్ళో చెప్పి, నన్ను కోదాడ పంపారు.

కోదాడలో మా పెదనాన్న ఉండేవాడు. ఆయనకు ప్రకృతి వైద్యమంటే ప్రాణం. ఇంట్లో కాఫీ గింజ ఉండనిచ్చేవాడు కాదు. నా మంచం ఆయనే స్వయంగా వరండాలోకి మార్చాడు, రాత్రీ పగలూ గాలి తగిలేట్టు. తెల్లవారకముందే లేపేవాడు. వేపపుల్ల, చెంబెడు గోరువెచ్చని నీళ్ళు, చెరువు కట్ట దాకా నడక. నడవలేకపోతే నాలుగడుగులు వేసి కూర్చోమనేవాడు. ఎనిమిదింటి లోపల ఎండ వీపుకు తగలాలి. మొలకెత్తిన పెసలు, జొన్న రొట్టె, రోజుకో ఆకుకూర, చిక్కటి మజ్జిగ. దీపం పెట్టకముందే రాత్రి భోజనం. ముక్కుతో నిండా గాలి పీల్చి మెల్లగా వదలడం. కాచి చల్లార్చిన నీళ్ళు తప్ప వేరే నీళ్ళు ముట్టనిచ్చేవాడు కాదు. మొదట్లో ఏడ్చాను. తరువాత అలవాటైంది. తరువాత ఇష్టమైంది.

పది గంటలకు సైకిల్ బెల్లు మోగేది. కంపౌండరు వచ్చేవాడు. సూదిని గిన్నెలో నీళ్ళు పోసి మరగబెట్టి, ఒక రోజు కుడివైపు, ఒక రోజు ఎడమవైపు పొడిచేవాడు. పొడిచిన చోట గట్టిపడి గడ్డలా అయ్యేది. చెవుల్లో ఒకటే హోరు. ఆ పూటంతా గోడ పట్టుకుని నడిచేదాన్ని. వాటితో పాటు బిళ్ళలు, మింగితే కడుపులో తిప్పేవి. సూదులు మొత్తం తొంభై.

ఒకరోజు నాకు విసుగొచ్చి, పెదనాన్నా, నువ్వు చెప్పేవన్నీ చేస్తున్నాను కదా, ఈ సూదులు మానేస్తాను అన్నాను. ఆయన నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. "పిచ్చి మాటలు మాట్లాడకమ్మా. నేను చెప్పేవన్నీ జబ్బు రాకుండా ఉండటానికి, వచ్చాక ఒళ్ళు నిలబడటానికి. లోపల కూర్చున్న క్షయకి సూది సూదే. ఇది దానికి తోడు, అంతే" అన్నాడు.

ఆ మాట నాకు స్పష్టంగా గుర్తుంది. తెలియక చేశానని చెప్పుకునే దారి నాకు లేదు. ఆ దారిని ఆయన ముందే మూసేశాడు.

ఏడు నెలల తరువాత మిర్యాలగూడకు తిరిగి వస్తే నన్ను చూసిన వాళ్ళు గుర్తుపట్టలేదు. బుగ్గలు నిండాయి. చర్మం మెరుస్తోంది. దగ్గు లేదు. మా ఆయన నా వైపు కొత్తగా చూశాడు. పక్కింటివాళ్ళు, బంధువులు, మిల్లుకు వడ్లు తెచ్చే రైతుల ఆడవాళ్ళు, అందరిదీ ఒకటే ప్రశ్న. ఏం చేశావు? మా అత్తగారు నాకంటే ముందే జవాబు చెప్పేది. "ఏం మందూ మాకూ లేదు. పొద్దున్నే లేసుడు, ఎండ, ఆకుకూరలు. మా కోడలికి దగ్గు దానంతటదే పోయింది."

మొదటి అబద్ధం నాది కాదు. నేను పక్కన నిలబడి తల ఊపాను. అంతే. తల ఊపడం అబద్ధం కిందికి వస్తుందా అని అప్పుడు నన్ను నేను అడగలేదు.

కొన్నాళ్ళకు ఒకామె పొద్దున నాతో నడవడానికి వచ్చింది. తరువాత ముగ్గురు. తరువాత మిల్లులో పనిచేసే ఆడవాళ్ళు. ఉడకబెట్టిన వడ్లు ఆరబోసే పెద్ద గచ్చు ఉండేది మాకు. వడ్లు పరచకముందు గంటసేపు అది ఖాళీ. అక్కడ తూర్పుకు తిరిగి కూర్చునేవాళ్ళం. ఊపిరి ఎలా పీల్చాలో చెప్పేదాన్ని. నీళ్ళు కాచి తాగమనేదాన్ని. చెత్తకుప్పల దగ్గర దానంతటదే మొలిచే గంగవాయిలి కూరను తొక్కి పోతారు గాని, అందులో ఎంత బలముందో చెప్పేదాన్ని. చాయ పెద్దవాళ్ళు కూడా మానాలని, పిల్లలకు చాయలో రొట్టె ముంచి పెట్టొద్దని, అంబలి పోయమని, అన్నం ముందు చేతులు కడిగించమని. అవన్నీ మంచి మాటలే. ఇప్పటికీ మంచి మాటలే. ఆ ఏడు వానాకాలం మిల్లు వెనక గుడిసెల్లో పిల్లలకు వాంతులు విరేచనాలు తగ్గాయి. తల్లులు నా దగ్గరికి వచ్చి చేతులు పట్టుకున్నారు. జబ్బు రాకుండా కాచుకోవడం ఎంత చిన్న చిన్న పనులతో అవుతుందో కళ్ళతో చూశాను. ఆ పనిలో నాకు మోసం ఏమీ కనిపించలేదు.

కానీ ప్రతిరోజూ ఎవరో ఒకరు అనేవాళ్ళు, అమ్మను చూడు, మందు ముట్టకుండా ఎట్లయిందో అని. నేను కాదనలేదు. ఆ మాట వినడం కోసమే కొన్ని రోజులు పొద్దున్నే లేచాను. ఇది రాయడం కష్టంగా ఉంది. నిజం.

కొమురమ్మ గురించి ఇప్పుడు చెప్పాలి.

వాళ్ళది సూర్యాపేట దగ్గర ఆత్మకూరు. గొర్లు కాసే కుటుంబం. రెండేళ్ళు వానలు లేక, మందలో రోగం పడి, సగానికి పైగా గొర్లు చచ్చిపోతే ఆలుమగలిద్దరూ పని కోసం మిర్యాలగూడ వచ్చారు. మిగిలిన గొర్లను, నాలుగేళ్ళ బిడ్డను కొమురమ్మ మగడు బీరయ్య తల్లి దగ్గర వదిలి. బీరయ్య బస్తాలు మోసేవాడు. కొమురమ్మ గచ్చు మీద వడ్లు తిప్పేది, పాదాలతో చాళ్ళు తీస్తూ, ఈ చివరి నుంచి ఆ చివరికి. పొడుగ్గా ఉండేది. నడిస్తే మంద ముందు నడుస్తున్నట్టే ఉండేది, వెనక ఏమీ లేకపోయినా. నేను చెప్పినవన్నీ అందరి కంటే శ్రద్ధగా వినేది ఆమే. గంగవాయిలి కూర కోసుకొచ్చి నాకు కూడా తెచ్చిచ్చేది.

ఒక చలికాలం ఆమెకు దగ్గు పట్టుకుంది. ఆ దగ్గు వినగానే నాకు తెలిసింది. దాన్ని నేను లోపలి నుంచి ఎరుగుదును. గవర్నమెంటు దవాఖానకు పొమ్మన్నాను. పోయింది. అక్కడ సూదులు మొదలుపెట్టారు. అంత వరకు నేను మంచి మనిషినే.

నెలన్నర తరువాత, ఒక పొద్దున అందరూ వెళ్ళిపోయాక ఆమె ఆగిపోయింది. గచ్చు మీద మేమిద్దరమే ఉన్నాం. ఇంకా ఎవరూ వడ్లు మోసుకు రాలేదు. ఆమె నా ఎదురుగా గొంతుక్కూర్చుంది.

"అమ్మా, ఒక్క మాట అడుగుత. కోపం చెయ్యకు."

"అడుగు."

"నీకు గూడ గిసొంటి దగ్గే ఉండెనట గద. దవాఖానల కంపౌండరేమో ఇది సూదులు లేంది పోదు, తొంభై ఏయించుకోవాలె అంటడు. ఇరవై దాక ఏయించుకున్న. ఏయించుకున్ననాడు చెవులల్ల ఒక్కతీరు హోరు. తల తిరిగి గీ గచ్చు మీదనే రెండుసార్లు పడ్డ. పొద్దుగాల పోతే పగటేలకు గాని వదిలిపెట్టరు, పని పోతున్నది. నువ్వు ఏయించుకున్నవా అమ్మా సూదులు? నువ్వు ఏయించుకున్ననంటే సచ్చో బతికో నేను గూడ అన్ని ఏయించుకుంట. లేదంటవా, ఇయ్యాల్టి సంది బంద్ జేసి నువ్వు చెప్పినట్లే జేస్త."

నేను అన్నాను, "లేదు."

"ఒక్కటి గూడ ఏయించుకోలేదా?"

"లేదు కొమురమ్మా."

మొదటిసారి నోరు జారిందని చెప్పుకోవచ్చు. రెండోసారి ఆలోచించే అన్నాను. రెండింటి మధ్య ఆమె నా ముఖం చూస్తూ ఆగింది. ఆ కాస్త సేపట్లో నాకు కోదాడ వరండా గుర్తొచ్చింది, మరుగుతున్న గిన్నె గుర్తొచ్చింది, పెదనాన్న మాట గుర్తొచ్చింది. అన్నీ గుర్తొచ్చాకే లేదన్నాను.

ఎందుకు? ఈ ప్రశ్న నన్ను నేను ఎన్నిసార్లు అడిగానో. ఆడబిడ్డ పెళ్ళి పాడవుతుందనా? ఆమె పెళ్ళయి అప్పటికే ఆరు నెలలు. కాపురానికి వెళ్ళింది, సంతోషంగా ఉంది. ఎన్నో ఏళ్ళు ఆ సాకునే తిప్పి తిప్పి వాడుకున్నాను, ఆరు నెలల సంగతి మరిచిపోయినట్టు నటించి. మరి అత్తగారి భయమా? కొంత. కొమురమ్మ నోటి నుంచి గుడిసెలకు, గుడిసెల నుంచి ఊళ్ళోకి పాకుతుందనా? కొంత. కానీ అసలు సంగతి అది కాదు. ఆమె నన్ను చూసే చూపు. నా ఒంట్లో ఏదో మహిమ ఉన్నట్టు, నేను చెప్పింది చేస్తే ఆ మహిమలో తనకూ కొంత వస్తుందన్నట్టు. అవునని చెప్తే నేను కూడా సూదితో బతికిన మామూలు మనిషిని. అది నాకు ఇష్టం లేకపోయింది. ఇంతే. ఒక మనిషి ప్రాణం ఇంత చిన్నదాని కోసం పోయింది.

ఆమె ముఖం విప్పారింది. నా కాళ్ళకు దండం పెట్టి లేచింది.

ఆ రోజు నుంచి దవాఖానకు పోలేదు. పొద్దున అందరి కంటే ముందు గచ్చు మీద ఉండేది. ఏకాదశి నాడు ఉపవాసం ఉండమని నేను అందరికీ చెప్పిన మాట ఆమెకు వేరేగా ఉంటుందని చెప్పలేదు. జ్వరంతో ఎండిపోయే ఒళ్ళు ఉపవాసాన్ని ఎలా తట్టుకుంటుంది? నాకు తెలియదా? పెదనాన్న నాకు ఆ ఏడు నెలల్లో ఒక్క పూట కూడా ఉపవాసం చేయనివ్వలేదు. గిన్నె నిండా పెరుగు, నెయ్యి, గుడ్డు కూడా ఎవరికీ చెప్పకుండా తెప్పించి పెట్టాడు. కొమురమ్మ అంబలి తాగి ఎండలో కూర్చునేది.

మొదటి నెల ఆమె కోలుకున్నట్టే కనిపించింది. వేయించుకున్న ఇరవై సూదుల బలం అది. చెవుల్లో హోరు పోయింది, తల తిరగడం పోయింది, పనికి తప్పకుండా వస్తోంది. గుడిసెల్లో వాళ్ళకు నా పేరు చెప్పి మురిసిపోయేది. నేను? నేను కూడా నమ్మడం మొదలుపెట్టాను. నవ్వుతారేమో. నా అబద్ధాన్ని నేనే నమ్మాను. ఏమో, నాకు కూడా ఎండా గాలే నయం చేశాయేమో, సూదులు ఊరికే పొడిచారేమో అని ఒక మధ్యాహ్నం నిజంగా అనుకున్నాను.

ఎండలు ముదిరేసరికి ఆమె పడిపోయింది. దగ్గితే రక్తం. వడ్ల చాళ్ళు తీస్తూ మధ్యలో కూర్చుండిపోయేది. నేను కంగారుపడి మళ్ళీ దవాఖానకు పొమ్మన్నాను. ఒకసారి కాదు, నాలుగైదుసార్లు చెప్పాను. ఆమె నా వైపు చూసి నవ్వింది. "నువ్వు పోకుంటనే బతికితివి గదమ్మా. నాకు గూడ పోతది. జర టైం పడతది" అంది.

చెప్పాల్సిన చోటు అది. ఆ వాకిలి తెరుచుకుని నా ముందు నిలబడింది. నేను పోయానే, నేను తొంభై వేయించుకున్నానే అంటే ఆమె లేచి పరుగెత్తేది. నేను ఏమన్నానో తెలుసా? పొమ్మంటున్నాను కదా, నా మాట వినవేం అని కసిరాను. నా పరువు పోకుండా ఆమె ప్రాణం నిలవాలని చూశాను. అలా కుదరదు. కుదరలేదు.

మంచం పట్టాక గుడిసెకు వెళ్ళాను. లోపల గాలి ఆడటం లేదు. నేను చెప్పినట్టు వెనక గోడ తడికకు ఒక కిటికీ కోసుకున్నారు, దాని కింద ఆమె మంచం. మనిషి ఎముకల గూడులా ఉంది. బీరయ్య బయట నీళ్ళు కాస్తున్నాడు, నేను చెప్పిన కాచిన నీళ్ళే. ఆమె నన్ను దగ్గరికి రమ్మని సైగ చేసింది.

"అమ్మా, నీకొకటి చెప్పాలె. చెప్పకుంట పోతే నాకు మంచిగుండదు." ఊపిరి తీసుకోవడానికి ఆగింది. "నేను చాయ తాగిన. నువ్వు వద్దన్నా గూడ తాగిన. పానం గుంజితే ఆగలేక తాగిన. గందుకే నాకు గిట్లయింది. నీ తప్పు లేదు."

నీ తప్పు లేదు. చనిపోతున్న మనిషి నా దగ్గర తన తప్పు ఒప్పుకుంది. ఒప్పుకోవాల్సింది నేను, మంచం మీద ఉన్నది ఆమె. నేను ఆమె నుదురు నిమిరాను. ఫరవాలేదు, మనసులో పెట్టుకోకు అన్నాను. పెద్దమనసుతో క్షమించినట్టు అన్నాను. ఆమె కళ్ళు మూసుకుంది, నిమ్మళమైనట్టు.

లేదన్న మాట కంటే ఈ ఫరవాలేదన్న మాటే పెద్ద పాపమని నాకు ఇప్పుడనిపిస్తుంది. మొదటిది ఆమె ప్రాణం తీసింది. రెండోది ఆమె చావును ఆమె నెత్తినే పెట్టింది.

ఆ రోజే మా ఆయనతో కొట్లాడి మిల్లు లారీ మీద ఆమెను సూర్యాపేట పంపించాను, నన్ను చూసిన డాక్టరు దగ్గరికే. ఐదో రోజు పోయిందని కబురొచ్చింది. డాక్టరు అన్నాడట, ఇరవైతో ఎందుకు ఆపారు అని. బీరయ్య చెప్పిన జవాబు ఏమిటో నేను అడగలేదు. కర్మకాండ అయ్యాక బీరయ్య వచ్చి, తిరిగి ఊరికి పోతున్నానని చెప్పి, నాకు దండం పెట్టాడు. మీరు శాన చేసిన్రమ్మా అన్నాడు. నేను తలుపు పట్టుకుని నిలబడ్డాను.

మీరు అనుకుంటారు, ఆ తరువాత గచ్చు మీద కూర్చోవడం మానేసి ఉంటానని. మానలేదు. పదిరోజులు ఒంట్లో బాగాలేదన్నాను, పదకొండో రోజు వెళ్ళాను. ఒక్కటి మాత్రం మారింది. ఎవరు దగ్గినా, ఎవరు సన్నబడినా, ముందు దవాఖానకు పోయి చీటీ తెచ్చి నాకు చూపించాకే ఇక్కడ కూర్చోవాలని నియమం పెట్టాను. ఏకాదశి ఉపవాసం మాట ఎత్తడం మానేశాను. సూదులు మధ్యలో ఆపినవాళ్ళను ఇంటికి పోయి తిట్టి పంపాను. అలా నలుగురైదుగురు బతికారు. వాళ్ళను చూసి, చూశావా, నేను రుణం తీర్చేసుకుంటున్నాను అనుకునేదాన్ని. కానీ ఎవరైనా, అమ్మా నువ్వు మందు లేకుండనే కద అంటే మాట మార్చేదాన్ని. బతికినవాళ్ళు చచ్చినవాళ్ళకు బదులవుతారా? ఆ నలుగురికీ కొమురమ్మ ముఖం లేదు.

కాలువ వచ్చింది. మిల్లులు పదింతలయ్యాయి. మా అత్తగారు పోయింది. పెదనాన్న పోయాడు. నా సూదుల సంగతి తెలిసినవాడు ఇంట్లో మా ఆయన ఒక్కడే మిగిలాడు. ఆయనకు కూడా కొమురమ్మ నన్ను అడిగిన సంగతి తెలియదు.

ఈ ఏడు మా ఊరి మహిళా మండలివాళ్ళు ఒక సంచిక వేస్తామని వచ్చారు. మందు లేకుండా జబ్బును ఎలా జయించానో నా చేతులతో రాసివ్వమన్నారు. చదివి పదిమంది బాగుపడతారన్నారు. సరేనన్నాను. కాగితం ముందు కూర్చుని మొదటి వాక్యం రాశాను. నాకు జబ్బు చేసినప్పుడు నేను ఏ మందూ వాడలేదు. రాసింది చదువుకున్నాను. అన్న మాట గాలిలో పోతుంది, ఇది అచ్చులో ఉంటుంది. చదివే పదిమందిలో ఒకామె దగ్గుతూ ఉంటుంది. కాగితం చించేశాను.

మర్నాడు పొద్దున సూర్యాపేట బస్సెక్కాను. అక్కడి నుంచి ఆత్మకూరు. మా ఆయనకు సూర్యాపేటలో ఆడబిడ్డను చూసివస్తానన్నాను. చూడండి, నిజం చెప్పడానికి పోతూ కూడా.

బీరయ్య ఊరి బయట తుమ్మచెట్ల కింద ఉన్నాడు, మంద దగ్గర. మంద మళ్ళీ పెరిగింది. ఆయన జుట్టు నెరిసింది. నన్ను చూసి గుర్తుపట్టడానికి కాసేపు పట్టింది. "అమ్మా, నువ్వా? గింత దూరం ఒస్తివేంది?" అని తువ్వాల దులిపి రాయి మీద పరిచాడు, కూర్చోమని. నేను కూర్చోలేదు. కూర్చుంటే చెప్పలేను.

చెప్పాను. నాకు క్షయ వచ్చిందని, కోదాడలో తొంభై సూదులు వేయించుకున్నానని, కొమురమ్మ అడిగితే లేదన్నానని. ఆయనకు అర్థం కాలేదు. మళ్ళీ చెప్పాను. రెండోసారి చెప్తున్నప్పుడు ఆయన చేతిలో కర్ర నేలకు ఆనించి దాని మీద రెండు చేతులూ పెట్టాడు.

అప్పుడు అడిగాడు. "మరి చాయ?"

"చాయకూ దానికీ ఏం సంబంధం లేదు బీరయ్యా."

"చాయ తాగినందుకు కాదా?"

"కాదు. సూదులు ఆపినందుకు. నేను లేదన్నందుకు."

ఆయన నా వైపు చూడలేదు. గొర్ల వైపు చూస్తూ మాట్లాడాడు. "చాయ తాగుతుంటే నేనే జూసిన. గిలాస గుంజి పారేసిన. అమ్మ చెప్పింది ఇనవా, నీ పానం నువ్వే తీసుకుంటున్నవని తిట్టిన. కోపానికొచ్చి మాట్లాడుడు బంద్ జేసిన. పది దినాలు, అమ్మా. లారీ ఎక్కించేటప్పుడు గూడ మాట్లాడలే." పక్కకు పోతున్న గొర్రెను కర్రెత్తి అదిలించాడు. "సూర్యాపేటల మాట్లాడిన. అప్పటికి ఆమెకు సోయి లేదు."

అంతే అన్నాడు. తిట్టలేదు. తిడితే నిలబడి వినేదాన్ని. కర్ర తీసుకుని మందను అవతలికి తోలుకుంటూ పోయాడు. రాయి మీద తువ్వాల అలాగే ఉంది. తిరిగి వస్తాడేమోనని చాలాసేపు నిలబడ్డాను. రాలేదు. నేను క్షమించమని అడగలేదు. అడగడానికి నోరు రాలేదు, అడిగే హక్కూ లేదు.

తిరుగు బస్సులో కిటికీ పక్కన సీటు దొరికింది. ఇది రాయడానికి సిగ్గుగా ఉంది, కానీ రాస్తాను. ఊపిరి తేలిగ్గా ఆడింది. పద్నాలుగేళ్ళలో మొదటిసారి. అది ఆడుతుంటేనే భయమేసింది. నా మీద ఉన్నది తీసి ఆయన మీద పెట్టి వచ్చానా? ఆ పది దినాలను ఆయన ఎలాగో మరిచి బతుకుతుంటే, పోయి మళ్ళీ చేతిలో పెట్టానా? చెప్పకుండా ఉండటం తప్పయితే, చెప్పడం కూడా ఇంకో తప్పేనా? తెలియదు. కొమురమ్మ తప్పు లేదని ఆమె మనిషికి తెలిసింది. ఆ ఒక్కటి మాత్రం అబద్ధం కాదు.

ఇంటికి వచ్చి మా ఆయనకు చెప్పాను. ఆయన కళ్ళద్దాలు తీసి, ఇప్పుడెందుకు ఇదంతా అన్నాడు. ఈ కాగితాలు తీసుకుని కూర్చున్నాను. మహిళా మండలివాళ్ళకు ఇవే ఇస్తాను. వేసుకుంటారో, చించేస్తారో వాళ్ళిష్టం. పొద్దున లేవండి, నడవండి, నీళ్ళు కాచి తాగండి, ఆకుకూర తినండి, ఎండ తగలనివ్వండి. ఇవి జబ్బును ఇంటి దాకా రానివ్వకుండా కాస్తాయి. కానీ వచ్చి లోపల కూర్చున్నదాన్ని నేను వీటితో వెళ్ళగొట్టలేదు. నేను సూదులు వేయించుకున్నాను. తొంభై. ఒక్కటి కూడా తప్పలేదు.